ఇసుక తీరానికి కదిలే రేవు

చెన్నై రేవులో ఎక్కి విశాఖపట్నం వెళ్లే ఓడకు తొలి రాత్రి ఎడమచేతి వైపు ఉండేది నెల్లూరు తీరం. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే విలాస నౌక చెన్నై, విశాఖ, పుదుచ్చేరిల మధ్య ఇలాంటి విహారయాత్ర చేసింది. పై అంతస్తులో ఈతకొలను, కింద భోజనశాలలు, రాత్రిళ్లు ఆటపాటలు, ఓడ ఆగిన చోట దిగి ఊరు చూసి రావడం, ఇదీ ఆ ప్రయాణం తీరు. ఆ దారిలో పులికాట్, దుగరాజపట్నం, కోట అనే ఊరి దగ్గరి కొత్తపట్నం, కృష్ణపట్నం, ఇంకాస్త ఉత్తరాన మోటుపల్లి వరసగా వస్తాయి. ఒక్కచోటా ఆ విహార నౌక ఆగలేదు. ఒకనాడు మాత్రం చీనా పింగాణీ, అరబ్బు అత్తరు, మలయా కర్పూరం మోసుకొచ్చిన ఓడలు ఆగి, లంగరు వేసి, రోజుల తరబడి సరుకు దించుకున్న ఊళ్లు ఇవే.

కొత్తగా తవ్విన కృష్ణపట్నం రేవును పక్కన పెట్టి ఈ ఊళ్లకు వెళ్లి చూస్తే మొదట వచ్చే సందేహం ఒకటే. ఇక్కడ ఓడ ఎక్కడ ఆగేది? రాతి గట్టు లేదు. కొండ అడ్డం లేదు. కనుచూపు మేర ఇసుక, దాని మీద విరిగిపడే కెరటాలు. చదువుకున్నవాళ్లు రేవు చరిత్ర అనగానే కోటల గురించి, కంపెనీల గురించి, శాసనాల గురించి చెబుతారు. అవన్నీ నిజమే. కానీ ఓడకూ ఒడ్డుకూ మధ్య ఉన్న ఆ మైలో రెండు మైళ్లో నీళ్లను దాటించింది ఎవరు, దేనితో అన్నది తెలియకపోతే ఈ తీరపు చరిత్రలో నడుమ భాగం ఖాళీగా ఉండిపోతుంది. దాటించింది కుట్టుపడవ. ఒక్క ఇనుప మేకు కూడా లేకుండా, పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టి చేసిన పడవ. యూరపువాళ్లు తమ రాతల్లో దాన్ని మసూలా పడవ అన్నారు. మన తీరంలో అది ఉత్త పడవే. ఈ తీరం మీద ఎవరు కట్టిన ఏ కట్టడం కన్నా గొప్ప పనితనం దానిలోనే ఉందని నేననుకుంటాను. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు సముద్రం సంగతి. పులికాట్ నుంచి పెన్నా మొగ దాటి ఉత్తరాన రామాయపట్నం దాకా తీరం దాదాపు తిన్నగా పోతుంది. నీటి కింద నేల మెల్లగా ఏటవాలుగా దిగుతుంది. నైరుతి గాలుల కాలంలో కెరటాలు ఇసుకను ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య గాలుల కాలంలో కొంత వెనక్కి తోస్తాయి. ఈ తోపులాటలో ఒడ్డుకు సమాంతరంగా నీటి అడుగున ఇసుక కట్టలు ఏర్పడతాయి. నదుల మొగలు పూడిపోతాయి, పక్కకు జరుగుతాయి. బంగాళాఖాతం నుంచి వచ్చే అల ఆ ఇసుక కట్ట దగ్గర కాలు తగిలి మొదటిసారి విరుగుతుంది. మళ్లీ లేచి ఇంకో కట్ట దగ్గర విరుగుతుంది. ఒడ్డున మరోసారి. నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్‌లో నిలబడి కాసేపు చూస్తే ఈ తెల్లటి వరసలు ఎవరికైనా కనిపిస్తాయి. లోతు తక్కువ కాబట్టి పెద్ద ఓడ ఆ వరసలకు ఆవలే ఆగాలి. ఓడలోని చిన్న పడవను దించుదామంటే అది ఓక్ చెక్కతో, ఇనుప మేకులతో, గట్టి పక్కటెముకలతో చేసినది. అల దాన్ని ఎత్తి ఇసుక మీద కొట్టిందంటే పలక పగులుతుంది, మేకు ఊడుతుంది. ఈ తీరంలో అలా పోయిన పడవలూ, మనుషులూ తక్కువేం కాదు.

గట్టిదనం పనికిరాని చోట మన పడవ చేసేవాళ్లు ఒదుగును నమ్ముకున్నారు. ఇందులో ఒక ఆలోచన ఉంది. దాన్ని చెక్కలో, తాడులో ఎలా పెట్టారో దగ్గర నుంచి చూడాలి.

యూరపు పద్ధతిలో ఓడ కడితే ముందు అస్థిపంజరం నిలబెడతారు. వెన్ను, దాని నుంచి లేచే పక్కటెముకలు. ఆకారమంతా అక్కడే తేలిపోతుంది. తర్వాత దాని మీద పలకలు కొడతారు. కుట్టుపడవ దీనికి పూర్తిగా తిరగబడిన పని. పక్కటెముకలే ఉండవు. ముందు అడుగు పలకలు పరుస్తారు. వెన్ను ఉండదు, అడుగు బల్లపరుపుగా ఉంటుంది. దాని అంచుకు మొదటి పక్క పలక నిలబెట్టి కుడతారు. దాని మీద ఇంకొకటి. పడవ పైకి పెరుగుతున్నకొద్దీ ఆకారం వస్తుంది. కాగితం మీద గీత ఉండదు. పలకను ఎంత వంచాలో, ముక్కు దగ్గర ఎంత ఎత్తాలో చేసేవాడి కంటికీ చేతికీ తెలుసు. పలకలు వెడల్పుగా, దళసరి తక్కువగా ఉంటాయి. మామిడి లాంటి మెత్తటి చెక్క చాలు. అది తేలిక, దొరకడం సులువు, వంగుతుంది. టేకుతో చేసి ఉంటే మరింత గొప్ప పడవ అయ్యేది కదా అని అనిపించవచ్చు. కాదు. బరువు పెరిగేది, ఒదుగు తగ్గేది.

ఇక కుట్టు. రెండు పలకల అంచులను ఒకదానికొకటి ఆనేలా బాడిశతో చెక్కి సరిచేస్తారు. ఒకదాని మీద ఒకటి ఎక్కించరు, అంచుకు అంచు. అంచు పొడవునా రెండు పలకల్లోనూ ఎదురెదురుగా రంధ్రాలు తొలుస్తారు. రంధ్రం అంచుకు మరీ దగ్గరైతే తాడు లాగినప్పుడు చెక్క చీలుతుంది, మరీ దూరమైతే అతుకు బిగవదు. తర్వాత అతుకు పొడవునా గడ్డితోనో కొబ్బరి పీచుతోనో చేసిన మెత్తను పెట్టి, దాని మీదుగా తాడు పోనిస్తారు. తాడు రంధ్రంలోంచి వెళ్లి, అతుకును అడ్డంగా దాటి, మెత్తను నొక్కుతూ ఎదుటి రంధ్రంలోకి దిగుతుంది. అలా అల్లుకుంటూ పడవ ఈ కొస నుంచి ఆ కొస దాకా. కుట్టుపడవ పని ఎక్కడైనా జంటపనే, లోపల ఒకరు, బయట ఒకరు. ఒకరు తాడు అందిస్తే ఒకరు లాగి బిగిస్తారు. బిగువు ఎక్కడా ఎక్కువ తక్కువలు కాకూడదు. ఒక్కచోట వదులైతే నీరు అక్కడ చేరుతుంది, ఒక్కచోట మరీ బిగిస్తే అల దెబ్బంతా ఆ ఒక్క రంధ్రం మీదే పడుతుంది. కుట్టు అంతటా ఒక్కలాగే ఉండడమే ఈ పనిలో అసలు నేర్పు. దాన్ని కొలిచే పరికరం లేదు. తాడు లాగిన చెయ్యే కొలబద్ద.

మెత్త చేసే పని చూడండి. పడవ నీళ్లలో దిగగానే గడ్డి, పీచు తడిసి ఉబ్బుతాయి. తాడు వాటిని కదలనివ్వదు కాబట్టి అవి అతుకులోకే ఒత్తుకుపోతాయి. అంటే నీళ్లు లోపలికి రావాలని చూస్తే, ఆ నీళ్లే తలుపు వేస్తాయి. కొంత నీరు ఎలాగూ వస్తుంది. దాన్ని తోడడానికి ఒక మనిషి పడవలో ఉండనే ఉంటాడు. చేసినవాళ్లకు అది లోపంగా తోచలేదు. పూర్తిగా నీరు రాని పడవ కావాలంటే బిగుతు పడవ చేయాలి, బిగుతు పడవ ఇక్కడ బతకదు. నీరు కాస్త రానిచ్చి మనుషులను దక్కించుకోవడం వాళ్లు ఎంచుకున్న దారి.

పక్కటెముకలు లేకపోతే పక్కలు విప్పారిపోకుండా పట్టి ఉంచేదేమిటి? అడ్డదూలాలు. ఈ పక్క నుంచి ఆ పక్కకు వేసిన ఆ దూలాలే పడవ వెడల్పును నిలుపుతాయి, తెడ్డు వేసేవాళ్లకు కూర్చునే పీటలూ అవే. ఒక్క చెక్క ముక్క రెండు పనులు చేస్తోంది. ఈ పడవలో ఒక పనికే ఉన్న వస్తువు దాదాపు కనపడదు.

ఈ అమరిక అంతా కెరటంలో ఎలా పనిచేస్తుంది? నులక మంచం మీద దభాలున కూర్చుంటే మంచం వంగి మళ్లీ లేస్తుంది, చెక్క బల్ల మీద అలాగే కూర్చుంటే బల్లకో మనకో దెబ్బ. కుట్టుపడవ అడుగు ఇసుకకు తగిలినప్పుడు ప్రతి అతుకూ కొద్దికొద్దిగా కదులుతుంది. దెబ్బ ఒక చోట ఆగకుండా వందల కుట్ల మీదికి పంచుకుపోతుంది. కొబ్బరి పీచు తాడు తెగకముందు చాలా సాగుతుంది. ఉప్పునీటిలో తొందరగా కుళ్లదు. ఇనుము తుప్పు పట్టి చుట్టూ ఉన్న చెక్కను కూడా తినేస్తుంది. తాడు చివికితే విప్పేయవచ్చు. పలకలన్నీ విడదీసి, పాడైన పలక తీసేసి, కొత్త తాడుతో మళ్లీ కుట్టుకోవచ్చు. మేకులు కొట్టిన పడవకు ఇంత తేలిగ్గా మరో జన్మ దొరకదు.

11వ శతాబ్దపు భోజరాజు పేరు మీద ఉన్న యుక్తికల్పతరువులో ఓడల గురించి ఒక భాగం ఉంది. సముద్రంలో తిరిగే ఓడ అడుగున ఇనుము వాడకూడదనీ, వాడితే అయస్కాంత శిలలు లాగేసుకుంటాయనీ అందులో చెప్పారు. ఇలాంటి అయస్కాంత పర్వతం కథ అరబ్బు దేశాల్లోనూ ఉంది. పండితుడికి కారణం కావాలి కాబట్టి కథ పుట్టి ఉంటుంది. పడవ చేసేవాడికి ఆ కథతో పనిలేదు. ఇనుము ఇసుక దెబ్బకు ఏమవుతుందో వాడు రోజూ చూస్తున్నాడు.

మసూలా పడవను శ్రద్ధగా చూసి రాసిపెట్టిన విదేశీయుల్లో ఇద్దరిని తలచుకోవాలి. థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు 1669 నుంచి 1679 దాకా ఈ సముద్రం మీద తిరిగాడు. పడవ బొమ్మ గీశాడు. లోపల దూలాలు తప్ప ఎముకలు లేవని, అలకూ నేలకూ తగ్గట్టు వంగుతుంది కాబట్టే ఈ తీరానికి ఇదే తగిన పడవ అని అతను గ్రహించాడు. తన దేశపు పద్ధతితో పోల్చి ఇదేదో మోటుపని అని తీసిపారేయలేదు. రెండో మనిషి జాన్ ఎడై. ఓడలు కట్టడం తెలిసినవాడు. 1834లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో మన తీరాల పడవల మీద అతని వ్యాసం అచ్చయింది. మద్రాసు మసూలా పడవ పొడవు 30 నుంచి 35 అడుగులు, వెడల్పు 10 నుంచి 11, లోతు 7 నుంచి 8 అడుగులు అని కొలతలు ఇచ్చాడు. అంత లోతున్న పడవకు అంత పలచటి పలకలు! ఆ కొలతల్లోనే పనితనం తెలుస్తుంది. పక్కలు అంత ఎత్తు లేకపోతే విరిగిన అల లోపలికి దూకుతుంది. పలకలు దళసరైతే ఆ ఎత్తుకు పడవ మొయ్యలేనంత బరువవుతుంది.

నడిపేవాళ్లు పన్నెండు మంది దాకా. పొడవాటి కర్ర కొసకు గుండ్రటి పలక కట్టిన తెడ్లు. వెనక పడవ నాయకుడైన తండేలు నిలబడి ఒక పెద్ద తెడ్డుతోనే దారి తిప్పుతాడు. చుక్కాని ఉండదు, ఉంటే మొదటి ఇసుక కట్టకే విరిగిపోతుంది. ఓడ దగ్గర మనుషులను, సరుకును ఎక్కించుకుని వస్తూ అలలు విరిగే వరస దగ్గరికి రాగానే ఆగుతారు. ఇక్కడ తండేలుది ఒక్కడిదే నిర్ణయం. వెనక వస్తున్న అలలను చూస్తాడు. పెద్ద అలలు గుంపుగా వచ్చి పోతాయి, వాటి తర్వాత కాస్త నెమ్మది. ఆ నెమ్మదిలో దాటాలి. అతను కేక వేయగానే పన్నెండు తెడ్లూ ఒక్క పాటకు పడతాయి. అల వీపు మీద పడవ పోవాలి, అల ముందుకు జారకూడదు. జారితే అడ్డం తిరిగి బోల్తా కొడుతుంది. ఒడ్డుకు చేరాక కావాలనే పడవను అడ్డం తిప్పి, అల చేతనే ఇసుక మీదికి నెట్టించుకుంటారు. దొరలనూ దొరసానులనూ భుజాల మీదో కుర్చీల్లోనో ఎత్తి పొడినేల మీద దించేవారు. మద్రాసులో దిగిన ఇంగ్లీషువాళ్ల ఉత్తరాల్లో, డైరీల్లో ఈ ఘట్టం రాకుండా ఉండదు. నెలల తరబడి సముద్రం మీద వచ్చినవాళ్లకు ఆ చివరి అరమైలే ఎక్కువ గుర్తుండిపోయింది.

పడవ పక్కన తెప్పలు కూడా వచ్చేవి. నాలుగైదు తేలిక దుంగలను తాడుతో కట్టిన తెప్ప మీద ఇద్దరు మనుషులు. పడవ బోల్తా పడితే నీళ్లలో పడ్డవాళ్లను పైకి లాగేది వాళ్లే. మసూలా కూడా కదలలేని తుపాను గాలిలో ఓడకు ఉత్తరాలు మోసుకెళ్లేదీ వాళ్లే, కాగితం తడవకుండా టోపీలో పెట్టుకుని. పని అయ్యాక ఒడ్డున తెప్ప కట్లు విప్పి దుంగలను ఎండబెడతారు, మళ్లీ కావలసినప్పుడు కడతారు. తెప్పదీ పడవదీ ఒకటే తాడు విద్య. క్రీ.శ. 1వ శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన పెరిప్లస్ అనే సముద్రయాన గ్రంథం కూడా ఈ తూర్పు తీరంలో దుంగలు జతచేసి కట్టిన సంగర అనే పడవలున్నాయని చెబుతోంది. ఎంత పాత విద్యో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇప్పుడు ఒక్కో రేవులో దిగుదాం.

దక్షిణం నుంచి వస్తే ముందు పులికాట్. మన నెల్లూరు వైపు పెద్దలు ప్రళయకావేరి అనే ఉప్పునీటి సరస్సుకు సముద్రం వైపు కొసన ఉన్న ఊరు. ఇప్పుడు తమిళనాడులో ఉంది, సరస్సులో ఎక్కువ భాగం మనది. డచ్చివారు 1610లో ఇక్కడ వ్యాపారం పెట్టి, 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్నారు. 1690లో నాగపట్నానికి మారేదాకా కోరమండల్ తీరం మీద వాళ్ల ముఖ్యస్థానం ఇదే. ఇక్కడి నుంచి వెళ్లిన రంగుల గళ్ల గుడ్డలు ఆగ్నేయాసియా సంతల్లో ధాన్యానికీ సుగంధ ద్రవ్యాలకూ మారకం పోయాయి. కోట శిథిలమైంది. చెక్కిన సమాధి రాళ్లున్న డచ్చివారి శ్మశానాన్ని పురావస్తు శాఖ కాపాడుతోంది. ఆ బట్టల బేళ్లన్నీ ఓడకు చేరింది పడవల మీదనే. పడవలో అడుగున చేరే నీరు తగలకుండా చితుకుల పరుపు వేసి, దాని మీద బేళ్లు పేర్చేవారు. సరుకు తడిస్తే ధర పోతుంది. కంపెనీ లాభం ఆ చితుకుల పరుపు మీద ఆధారపడిందన్నమాట.

దుగరాజపట్నం దగ్గర కాసేపు ఆగాలి. ఇంగ్లీషువాళ్లు దీన్ని ఆర్మగాన్ అన్నారు. మచిలీపట్నంలో ఇబ్బందులు పడి 1626లో ఇక్కడికి వచ్చి, ఫిరంగులు పెట్టి, కోరమండల్ తీరంలో తమ మొదటి కోట కట్టుకున్నారు. ఎదుట సముద్రంలో మునిగి ఉన్న ఇసుక దిబ్బ లోపల ఓడలకు కాస్త అడ్డు దొరికేది. ఈ తీరంలో ఆపాటి అడ్డు దొరకడమే అరుదు. అయినా పదమూడు పద్నాలుగేళ్లకే వదిలేశారు. చుట్టుపక్కల కావలసిన రకం బట్ట దొరకలేదు, స్థానిక నాయకులతో పొత్తు కుదరలేదు. 1639లో ఫ్రాన్సిస్ డే చెన్నపట్నం స్థలం సంపాదించాడు, మరుసటేడు అందరూ అక్కడికి మారారు. అక్కడ ఆ కాస్త అడ్డు కూడా లేదు. ఉత్త కెరటాల ఒడ్డు. అలాంటి చోట కోట కట్టి, నగరం పెంచి, రెండు వందల ఏళ్లకు పైగా రేవు లేకుండానే ఓడల వ్యాపారం నడిపించారంటే అది ఎవరి చలవ? నా మట్టుకు నాకు సందేహం లేదు. మసూలా పడవ ఉంది కాబట్టి ఏ ఇసుక ఒడ్డయినా రేవే. స్థలం ఎంచుకున్నది డే అయినా, ఆ ఎంపికకు వీలిచ్చింది పడవలు కుట్టిన పేరు తెలియని చేతులు.

కోట దగ్గరి కొత్తపట్నంలో, కృష్ణపట్నంలో నేల మీదా తవ్వకాల్లోనూ చీనా పింగాణీ పెంకులు దొరికాయి. జపాన్ పండితుడు నొబోరు కరషిమా బృందం దక్షిణ భారతంలో, శ్రీలంకలో ఇలాంటి పెంకుల కోసం వెతికి 2004లో ఒక పుస్తకం తెచ్చింది. అందులో ఈ నెల్లూరు ఊళ్లు ఉన్నాయి. లేత ఆకుపచ్చ నిగనిగల గిన్నె ముక్క ఒకటి చేతిలో ఉందనుకుందాం. క్వాంజౌ లాంటి చీనా రేవులో ఎక్కి, మలక్కా జలసంధి దాటి, బంగాళాఖాతం దాటి వచ్చిన గిన్నె. ఆ దారిలో దానికి అన్నిటికన్నా ప్రమాదమైన చోటు ఈ చివరి కెరటాలే. గట్టి పడవలో వచ్చి ఉంటే మొదటి కుదుపుకే పెంకులయ్యేది. గిన్నెలు ఒడ్డెక్కి, ఇళ్లలో వాడుకలోకి వచ్చి, ఆ తర్వాతే పగిలాయి. కుట్లు ఒదిగిన పడవ ఏం చేయగలదో చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు కనపడలేదు.

కృష్ణపట్నం ఇప్పుడు పెద్ద రేవు. కండలేరు మొగ దగ్గర లోతుగా తవ్వి, గట్లు కట్టి, 2008లో ప్రారంభించారు. బొగ్గు, ఇనుప ఖనిజం. 13వ శతాబ్దంలో దీని పేరు కొల్లితురై, గండగోపాలపట్టణం అని కూడా. నెల్లూరు చోడరాజుల కాలం. తిక్కన సోమయాజి ప్రభువైన మనుమసిద్ధి పేరిట ఇక్కడ శివాలయం ఉంది. ఆ గుడిలో 1279–80 నాటి తమిళ శాసనం ఒకటి ఉంది. పద్దెనిమిది దేశాల వర్తకులు, రకరకాల నాడుల వాళ్లు ఒకచోట చేరి, ఈ రేవులో ఎక్కే దిగే సరుకు మీద గుడికి ఇంత ఇద్దామని ఒప్పుకున్నారు. అన్ని ప్రాంతాల వాళ్లు ఒక ఇసుక ఒడ్డున గుమిగూడి పత్రం రాసుకున్నారంటే అక్కడ ఎంత రద్దీ ఉండి ఉంటుందో! నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. ఈ తీరం మీద ఇష్టం ఉన్నవారు ఎవరైనా ఆ సంపుటాలు ఒకసారి తిరగెయ్యాలి.

ఓడ దిగి నెల్లూరు పట్నం దాకా బండి కట్టుకుని వెళితే ఇంకా పాత సంగతి. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలి ఇటుకకు తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద కుండలో రోము బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల కాలానివి, రెండో శతాబ్దానివి. చాలావరకు కరిగించేశారు, కొన్ని మిగిలాయి. అదే రెండో శతాబ్దంలో యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మతో నాణేలు వేయించాడు. ఓడ రాజముద్రకు ఎక్కింది. ఓడ నుంచి ఆ బంగారాన్ని ఒడ్డుకు తెచ్చిన పడవ బొమ్మ మాత్రం ఏ నాణెం మీదా లేదు.

ఉత్తరాన మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడి అభయ శాసనం ఉంది, 1244–45 నాటిది. దీన్ని చాలామంది పన్నుల పట్టికగానే చదువుతారు. ఎగుమతి దిగుమతుల మీద ముప్పైలో ఒక వంతు సుంకం, చందనం, కర్పూరం, పన్నీరు, ఏనుగు దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టునూలు, మిరియాలు, ఒక్కోదానికీ ఇంతని లెక్క. కానీ అందులో అభయం మొదలయ్యేది పగిలిన ఓడలతో. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయల్దేరి, తుపానుకు చిక్కి, పగిలి, వేరే ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సొత్తును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారట. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం మీదికి వచ్చే వర్తకుల మీద దయతో తాను ఒక్క సుంకం తప్ప ఏమీ తీసుకోనని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. 1358లో అనపోతారెడ్డి కూడా ఇక్కడే ఇలాంటి అభయం చెక్కించాడు. కెరటం దగ్గర పడవవాడు ఇచ్చే అభయం ఒకటి, ఒడ్డున రాజు ఇచ్చే అభయం ఒకటి. మొదటిది లేకపోతే రెండోది వినడానికి ఎవరూ మిగలరు. రుద్రమదేవి కాలపు ఈ రేవు గురించి మార్కో పోలో కూడా రాశాడు. ఇక్కడి సన్నటి బట్టలు సాలెగూడులా ఉంటాయన్నాడు.

ఈ రేవులు ఎందుకు మూగబోయాయో చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. సముద్రానికి సమాంతరంగా ఒడ్డు వెంబడి కాలవ వచ్చింది. 1806లో మద్రాసు ఉత్తరాన మొదలై, ముక్కలు ముక్కలుగా పెరిగి, 1876–78 కరువు పనుల్లో మరింత సాగి, అప్పటి గవర్నరు పేరు మీద బకింగ్‌హాం కాలవ అయింది. శ్రీహరికోట కట్టెలు, నెల్లూరు ఉప్పు, బియ్యం అల దెబ్బ లేని నీళ్లలో మద్రాసు చేరాయి. 1899కి బెజవాడ, మద్రాసు మధ్య రైలు నడిచింది. మద్రాసులో 1861లో ఇనుప వంతెన లాంటి పియర్, ఆ తర్వాత రాతి గోడల రేవు కట్టారు. ఓడ గోడకు ఆనుకుని నిలబడగలిగాక మసూలాకు మిగిలింది వలపని. ఉత్తరాంధ్రలో, ఒడిశాలో ఒడ్డు నుంచి లాగే అలివి వల వేయడానికి 20వ శతాబ్దం చివరి దాకా కుట్టుపడవలు వాడారు. ఎరిక్ కెంట్లీ అనే పరిశోధకుడు 1980లలో వాటి కుట్టు తీరును వివరంగా నమోదు చేశాడు.

అదే 1980లలో మద్రాసు కేంద్రంగా పనిచేసిన ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ వారి బంగాళాఖాతం కార్యక్రమం ఒక కొత్త పడవ కోసం తంటాలు పడింది. కెరటాలను దాటాలి, ఇసుక మీదికి ఎక్కాలి, ఇంజిన్ ఉండాలి. ఎన్నో నమూనాలు చేశారు, మార్చారు. ఇవాళ మన జాలర్ల ఊళ్లైన పట్టపుపాళేల ఒడ్డున వరసగా కనిపించే ఫైబర్ పడవలు ఆ తరం ప్రయత్నాల వారసులే. ఇంజనీర్లకు ఎదురైన లెక్క వెయ్యేళ్ల కిందట పడవ కుట్టినవాడికి ఎదురైనదే: తేలిక, బల్లపరుపు అడుగు, దెబ్బకు పగలని గుణం. ఫైబర్ పడవ మంచి పడవ. వేగంగా పోతుంది, నీరు రాదు, జాలరికి ఆదాయం పెంచింది. దాని వల్ల కుట్టు పోయిందని నిందించడం న్యాయం కాదు. కానీ పగిలిన చోట దాన్ని విప్పి మళ్లీ కుట్టుకోలేం.

కుట్టు విద్య పూర్తిగా పోలేదన్న ఆశ పడమటి సముద్రం ఇస్తోంది. 1980–81లో టిమ్ సెవెరిన్ ఒమాన్ నుంచి చీనాలోని కాంటన్ దాకా సోహర్ అనే కుట్టు ఓడలో వెళ్లాడు. ఇక మన నౌకాదళం అజంతా గుహలోని ఓడ బొమ్మను ఆధారం చేసుకుని ఒక కుట్టు ఓడను కట్టించింది. కేరళకు చెందిన బాబు శంకరన్ నాయకత్వంలో పనివాళ్లు కొబ్బరి తాడుతో పలకలు కుట్టారు. 2025 మే నెలలో కార్వార్‌లో దాన్ని నౌకాదళంలో చేర్చి కౌండిన్య అని పేరు పెట్టారు. అది తెరచాపల మీద సముద్రాలు దాటే ఓడ. మన మసూలా దానికి బంధువే కానీ పని వేరు. సముద్రం దాటడం దాని పని కాదు, సముద్రపు అంచును దాటించడం దాని పని. కౌండిన్యకు దొరికిన ఆదరణలో పదో వంతు దీనికీ దొరకాలి.

కృష్ణపట్నంలోనో నెల్లూరులోనో ఒక మసూలా పడవను మళ్లీ కట్టించవచ్చు. ఎడై ఇచ్చిన కొలతలు ఉన్నాయి. కెంట్లీ నమోదు చేసిన కుట్టు తీరు ఉంది. తాడు లాగడం తెలిసిన చేతులు కేరళలో ఉన్నాయి, మన ఉత్తరాంధ్ర ఒడ్డున ముసలివాళ్ల జ్ఞాపకంలోనూ కొంత ఉండాలి. అడిగేవాళ్లు ఇప్పుడే వెళ్లి అడగాలి. మామిడి పలక, పీచు తాడు, ఎండుగడ్డి మనకు కొత్తవి కావు. కట్టాక వెంటనే గాజు గది కట్టి అందులో పెట్టవద్దు. ముందు మైపాడులో, కెరటాలు ఎత్తుగా లేచే కాలంలో నీళ్లలోకి దించాలి. గుంపు అలలు పోయి నెమ్మది వచ్చే క్షణాన్ని కనిపెట్టగల తండేళ్లు, పన్నెండు తెడ్లు ఒక్క పాటకు వేయగల మనుషులు పట్టపుపాళేల్లో ఇంకా ఉన్నారు.